దేవుడి గూట్లో రాగి చెంబు

(మదనపల్లెలో జరిగిన స్మారక సభలో చదివిన ఉపన్యాస పాఠం)



ఎవరి పేరిట ఈ సభ జరుగుతోందో ఆ తెలుగు మాస్టారు మదనపల్లె, పుంగనూరు, కుప్పం, ఈ మూడు ఊళ్ల బడుల్లోనూ పాఠాలు చెప్పినవారు. తన పేరిట సభ పెడితే తన్ను పొగడవద్దని, పదిమందికీ పనికొచ్చే విషయం ఒకటి మాట్లాడించమని ఇంట్లోవాళ్లకు చెప్పి వెళ్లారు. ఆ మాట ప్రకారం ఈ ఏటి ఉపన్యాసానికి ఎంచుకున్న విషయం ఇంటి పూజలో వాడే వస్తువులు. వేదిక మీదున్న మాస్టారి పటమే అందుకు మొదటి ఉదాహరణ. మొన్నటిదాకా అది స్టూడియోలో తీసిన ప్రింటు. ఫ్రేము కట్టి, బొట్టు పెట్టి, దండ వేశాక అధ్యక్షులవారు చెప్పులు విడిచి వచ్చి దాని ముందు దీపం వెలిగించారు. కాగితం అదే. దాని దగ్గర మనుషులు మసలుకునే తీరు మారింది.

ఇంటి పూజలోని దాదాపు ప్రతి వస్తువుదీ ఇదే కథ. చెంబుకో గంటకో పవిత్రత పుట్టుకతో రాదు. ఇంటివాళ్లు ఇస్తారు, పని అయ్యాక ఇంటివాళ్లే వెనక్కి తీసుకుంటారు. ఈ ఇచ్చిపుచ్చుకోవడం పట్టుబడకపోతే, కొబ్బరికాయంటే అహంకారమనీ దీపమంటే జ్ఞానమనీ ఎన్ని పట్టికలు బట్టీపట్టినా దేవుడి గూట్లో ఏం జరుగుతోందో తెలియదు.

సంజీవమ్మ పూజగది

మదనపల్లెలో ఈ విషయం ఎత్తుకున్నాక తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తిని దాటిపోవడం కుదరదు. 1895 మే నెలలో ఆయన పుట్టింది ఈ ఊళ్లోనే. తల్లి సంజీవమ్మకు అది ఎనిమిదో కాన్పు. దేవకికి కృష్ణుడు ఎనిమిదో బిడ్డ కాబట్టి పిల్లవాడికి ఆ పేరే పెట్టారు. ఆ కాన్పు జరిగింది ఇంటి పూజగదిలోనని, ఆ చోటును సంజీవమ్మే ఎంచుకుందని కృష్ణమూర్తి జీవితచరిత్ర రాసిన మేరీ లట్యెన్స్ చెబుతారు.

ఇది ఎంత పెద్ద తెగింపో ఆచారం తెలిసిన ఇళ్లవాళ్లకు చెప్పనక్కరలేదు. పురుడంటే పదిరోజుల మైల. పురిటి మంచం ఉన్న వైపు నుంచి పూజగది వైపు గాలి కూడా సోకనివ్వని రోజులవి. స్నానం చేసి మడి కట్టుకుంటే గాని గడప దాటని గదిలో ఆ తల్లి పురుడు పోసుకుంది. శాస్త్రం చదివినవాళ్లు ఇచ్చిన హద్దును ఇల్లాలు తన లెక్క ప్రకారం జరిపింది. గది ఆమె చేతుల్లో ఉంది కాబట్టే అది సాధ్యమైంది.

ఆ ఇంటి పూజ గురించి ఇంకో ముచ్చట కూడా ఉంది. కృష్ణమూర్తి 1913లో, పద్దెనిమిదేళ్ల వయసులో, తన చిన్ననాటి జ్ఞాపకాలు కొన్ని రాసుకున్నారు. తల్లి పూజగదిలో దేవుళ్ల పటాలతో పాటు అనీబిసెంట్ పటం కూడా ఉండేదని అందులో ఉంది. మనదేశపు బట్టల్లో, పీట మీద పరచిన పులిచర్మంపై బాసింపట్టు వేసుకుని కూర్చున్న బొమ్మ అది. తండ్రి నారాయణయ్య, బిసెంట్ నడిపిన దివ్యజ్ఞాన సమాజంలో సభ్యుడు. ఐర్లండు మూలాలున్న ఒక లండను ఆడమనిషి ఫొటో కడప జిల్లాలో తిరిగిన ఒక రెవెన్యూ ఉద్యోగి ఇంట్లో రాముడి పక్కనో కృష్ణుడి పక్కనో చేరి రోజూ పువ్వు అందుకుంది. ఆ బిసెంటే 1915లో మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాల పెట్టించారు.

పూజగదిలో పుట్టి, దైవంగా నిలబెట్టాలని చూసిన ఆ సమాజంవాళ్ల చేతుల్లో పెరిగిన కృష్ణమూర్తే 1929 ఆగస్టులో హాలండులోని ఓమెన్‌లో తన కోసం కట్టిన సంఘాన్నే రద్దు చేశారు. పూజల మీదా మంత్రాల మీదా ఆయనకు ఏ మాత్రం గురి లేకపోయింది. 1969లో వచ్చిన ‘ఫ్రీడమ్ ఫ్రమ్ ది నోన్’ అనే పుస్తకంలో ఆయనది ఒక చురక ఉంది. తోటలో దొరికిన పుల్లముక్కను తెచ్చి ఇంట్లో అరుగు మీద పెట్టి రోజూ ఒక పువ్వు పెడుతూ పోతే, నెల తిరిగేసరికి దాన్ని కొలవడం మొదలవుతుందట. పువ్వు పెట్టని రోజు పాపం చేసినట్టు అనిపిస్తుందట.

పిలవడం, పంపడం

వెక్కిరింతగా అన్న ఆ మాటను రోజూ దీపం పెట్టుకునే ఇల్లాలికి వినిపిస్తే ఆమె నొచ్చుకోకపోవచ్చు. ఆ పనే ఆమె తెలిసి తెలిసి ఏటా చేస్తుంది.

ఏ వ్రతమైనా పసుపు గణపతితో మొదలవుతుంది. చిటికెడు పసుపులో నాలుగు చుక్కల నీళ్లు పోసి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి చిన్న గోపురంలా నొక్కి, తమలపాకు మీద నిలబెట్టి బొట్టు పెడతారు. అక్కడికి గణపతి వచ్చినట్టు. ఆవాహన చెప్పి, ఆసనం ఇచ్చి, కాళ్లకు నీళ్లిచ్చి, బెల్లంముక్క నైవేద్యం పెడతారు. ఆ పూజ అయ్యాక, అసలు వ్రతం మొదలయ్యే ముందు, ఆ ఆకును చేత్తో కాస్త ఉత్తరం వైపు కదుపుతారు. అది ఉద్వాసన. ఇక ఆ పసుపు మళ్లీ పసుపే. కొందరు తులసికోటలో వేస్తారు, గౌరమ్మ పసుపైతే ఆడవాళ్లు తాళిబొట్టుకు అద్దుకుంటారు. ఆ ముద్దను పొద్దున నలిపిన చేతికి అది దేవుడెప్పుడు అయిందో, ఎప్పుడు కాకుండా పోయిందో ఇంగువ మోతాదు తెలిసినంత ఖాయంగా తెలుసు.

వినాయక చవితి మట్టిబొమ్మ కూడా అంతే. ప్రాణప్రతిష్ఠ చేసిన బొమ్మను మూడో నాడో తొమ్మిదో నాడో నీళ్లలో కలపడానికి ఎవరూ వెనకాడరు. పొలిమేరలో ఏడు రాళ్లు నిలిపి, పసుపు రాసి బొట్లు పెడితే అక్కదేవతలు. పెళ్లింట్లో రోలుకూ రోకలికీ పసుపు పూసి దారం కడితే ఆ పూటకు అవి గౌరి అంశ. మర్నాడు అదే రోట్లో పచ్చడి నూరుతారు. ఆయుధపూజ నాడు బొట్టు పెట్టించుకున్న కొడవలీ, కుట్టుమిషనూ, టమోటా మార్కెట్లో సరుకు మోసే లారీ స్టీరింగూ మరుసటి పొద్దున్నే పనిలోకి దిగుతాయి.

కృష్ణమూర్తి చూసిన అపాయం మాత్రం నిజమైనదే. పిలవడం గుర్తుండి పంపడం మరిచిపోయినప్పుడు వస్తువు పెత్తనం చేస్తుంది. పువ్వు పెట్టకపోతే ఏమవుతుందోనన్న భయం అక్కడి నుంచే మొదలవుతుంది.

చింతపండు తోమిన వెలుగు

ఇక గూట్లోకి చూద్దాం. రాగి చెంబు, పంచపాత్ర, ఉద్ధరిణి, కంచు గంట, ఇత్తడి కుందులు, ఏకహారతి, పూలసజ్జ, కుంకుమ భరిణె. కలిగిన ఇంట వెండివి, లేనింట ఇత్తడివి. ఇప్పుడు పెళ్లిళ్లలో పంచిపెట్టే జర్మన్ సిల్వర్ పళ్లేలు కూడా వచ్చి చేరాయి. రాగి, నికెల్, జింకు కలిపిన ఆ లోహంలో వెండి రవ్వంత కూడా ఉండదు.

శుక్రవారం ముందటి సాయంత్రం ఈ సామానంతా పెరట్లోకి వస్తుంది. పుంగనూరు చింతపండుకు పేరున్న ఊరు. ఆ చింతపండు కూరకు పోగా మిగిలిన పిప్పి ఈ పనికి వస్తుంది. తడిపి, కాస్త ఉప్పు అద్ది, నల్లబడిన రాగి చెంబు మీద రుద్దితే వేళ్ల కిందే ఎర్రటి చార తేలుతుంది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం రాగి మీద పేరుకున్న చిలుమును కరిగిస్తుంది. చెంబు మెడ దగ్గర, ఉద్ధరిణి తోక మెలిక దగ్గర చిలుము మొండిగా ఉంటుంది. అక్కడ కొబ్బరిపీచు కావాలి. తోమినవాటిని వెంటనే పొడిగుడ్డతో తుడవాలి, తడి ఆరితే మచ్చలు కడతాయి. ఇప్పుడు చాలా ఇళ్లలో పీతాంబరి పొడి ఆ పని చేస్తోంది.

చింతపండు రాగిని కరిగించే ఈ గుణం వల్లనే ఇంకో నియమం కూడా నడుస్తోంది. నీళ్లకు రాగి చెంబు పెడతారు గాని పంచామృతం రాగిలో కలపరు, పెరుగు రాగిలో ఉంచరు. పులుపు తగిలితే రాగి కరిగి పదార్థంలోకి దిగుతుంది. తీర్థం తామ్రపాత్రలో, అభిషేకం పాలు వెండిలోనో ఇత్తడిలోనో. ఈ విడదీత వెనుక శాస్త్రవచనం ఎంత ఉందో వంటింటి అనుభవమూ అంత ఉంది.

గంటది ఇంకో దారి. నూటికి 78 పాళ్లు రాగి, 22 పాళ్ల దాకా తగరం కలిపితే వచ్చే కంచుకు మోత ఎక్కువ, పెళుసు కూడా ఎక్కువ. కింద పడితే బీట వారుతుంది. బీటవారిన గంట మోగదు, మోగని గంట పూజకు పనికిరాదు. గంట పిడి చూస్తే ఆ ఇంటివాళ్లు శైవులో వైష్ణవులో తెలిసిపోయేది. శివుడింట పిడి మీద నంది, విష్ణువింట గరుత్మంతుడో హనుమంతుడో. గంట కొట్టేది దేవతలను రమ్మనడానికి, రాక్షసులను పొమ్మనడానికి అని పూజాకల్పం చెబుతుంది. పిలవడమూ పంపడమూ ఇక్కడా ఉన్నాయి.

శంఖం సంగతి వేరు. అది ఒక ప్రాణి ఇల్లు. మన పూజల్లో వాడేవి ఎక్కువగా తూత్తుకుడి వైపు, మన్నారు సింధుశాఖలో దొరికే జాతివి. వాటిలో వందలాదిగా వేలాదిగా ఎడమవాటం చుట్టవే. తిరగేసిన చుట్ట ఉన్న వలంపురి, అంటే దక్షిణావర్త శంఖం దొరకడం మహా అరుదు, కాబట్టి దాని ధరకు అంతుండదు. ఆ మోజును కనిపెట్టిన వ్యాపారులు అమెరికా తీరంలో పుట్టుకతోనే ఆ వైపుకు చుట్ట తిరిగే వేరే జాతి గవ్వను తెచ్చి దక్షిణావర్త శంఖమని అమ్ముతున్నారు. ఆ సముద్రంలో అది మామూలు గవ్వ. దేవుడికి తేడా తెలియదా అని కొన్నవాళ్లు సరిపెట్టుకోవచ్చు గాని, పూజా వస్తువు ధరను బట్టి ఫలం లెక్కగట్టేవాళ్లు మోసపోవడానికి సిద్ధంగా ఉండాలి.

నదులు పంపిన రాళ్లు

ఇంతదాకా చేసిన వాదానికి అడ్డం వచ్చే వస్తువు ఒకటి ఉంది. అది సాలగ్రామం. దానికి ఆవాహన అక్కరలేదు, ఉద్వాసన లేదు. ఎవరూ పిలవకుండానే అందులో విష్ణువు ఉన్నాడని నమ్మకం. నేపాలులోని కాళీగండకి నదిలో దొరికే ఈ నల్లరాళ్లలో చక్రంలా కనిపించేది అమోనైటు అనే సముద్రజీవి గుల్ల అచ్చు. హిమాలయం లేవకముందు అక్కడున్న సముద్రంలో, పదిహేను కోట్ల ఏళ్ల కిందటి జురాసిక్ కాలంలో బతికిన ప్రాణి అది. ఆ జాతి మొత్తం డైనోసార్లతో పాటే అంతరించింది. నదిలో దొరికింది దొరికినట్టే పీఠం ఎక్కుతుంది, ఉలి తగలకూడదు.

పిలుపు అక్కరలేకపోయినా దానికి బాధ్యత మాత్రం రెట్టింపు. సాలగ్రామం ఉన్న ఇంట రోజూ అభిషేకం, రోజూ నైవేద్యం తప్పకూడదంటారు. తాతగారు పోయి, కొడుకులు బెంగళూరులో ఫ్లాట్లు కొనుక్కున్నాక, ‘మాతో కాదు’ అని సాలగ్రామాన్ని గుడికో మఠానికో అప్పజెప్పిన కుటుంబాలు ఈ ప్రాంతంలో తక్కువేం కాదు. రాయిలో దైవం తనంతట తానున్నా, ఇంట్లో చేతులు లేకపోతే ఆ ఇంట నిలవలేదు. అడ్డం వచ్చిన వస్తువే చివరికి వాదానికి సాక్ష్యం చెబుతోంది.

స్మార్తుల ఇళ్లలో పంచాయతన పూజ ఉంటుంది. అయిదుగురు దేవతలు, అయిదు రాళ్లు, బొమ్మ ఒక్కటీ లేదు. విష్ణువుకు గండకి సాలగ్రామం, శివుడికి నర్మద బాణలింగం, గణపతికి శోణానది ఎర్రరాయి, సూర్యుడికి తంజావూరు దగ్గరి వల్లం స్ఫటికం, అమ్మవారికి స్వర్ణముఖి నదిలో దొరికే పసిడిచారల రాయి. ఈ అయిదోది పాత చిత్తూరు జిల్లా నది. చంద్రగిరి, తిరుచానూరు, శ్రీకాళహస్తి పక్కగా పారి బంగాళాఖాతంలో కలుస్తుంది. నేపాలు నుంచి తంజావూరు దాకా ఉన్న భూమి అరచేతంత పళ్లెంలో ఇమిడింది. రైలు లేని రోజుల్లో ఆ అయిదు రాళ్లూ ఒక ఇంటికి చేరడమంటే ఎన్ని కాళ్లు ఎన్ని క్రోసులు నడిచాయో ఊహించుకోవచ్చు. కాశీకి పోయినవాళ్లు తెచ్చింది, మఠం స్వాములు ఇచ్చింది, అల్లుడికి మామగారు ఇచ్చింది, అన్నీ ఆ పళ్లెంలోనే.

కలశం ఎవరిది?

వరలక్ష్మీ వ్రతం నాడు కుప్పంలో ఒక వీధి చివర నిలబడితే చాలు, మూడు రాష్ట్రాల అలవాట్లూ కనిపిస్తాయి. ఆంధ్ర, తమిళనాడు, కర్ణాటక కలిసే ఆ మూలలో ఒక ఇంట చెంబులో నీళ్లు పోస్తారు, పక్కింట బియ్యం పోస్తారు. ఒకరు టెంకాయకే పసుపు రాసి కళ్లూ ముక్కూ దిద్దుతారు, మరొకరు వెండి ముఖం కడతారు. ఒకరిది జడ వేసిన అమ్మవారు, ఒకరిది చీర కుచ్చిళ్లు పోసిన అమ్మవారు. పక్కన నిలిపే ఇత్తడి దీపస్తంభం కుంభకోణం పక్కనున్న నాచ్చియార్‌కోయిల్‌లో పోత పోసినదైతే దాని కొసన హంస ఉంటుంది. ఏ ఇంటికి ఆ ఇంటి పద్ధతే సరైనది.

ఈ కలశం ఏ ఒక్క మతానికీ చెందిన సొత్తు కాదు. రెండు వేల ఏళ్ల కిందటి అమరావతి స్తూపం శిల్పాల్లో, బౌద్ధులు చెక్కిన పలకల మీద, తామరలు పొంగి పొర్లే పూర్ణఘటం కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్ రాజముద్ర నడుమ ఉన్నది ఆ ఘటమే. రేషను కార్డు మీదా, పొలం పాసుపుస్తకం మీదా ఇంటింటికీ వెళ్లే ఆ బొమ్మనూ, శ్రావణ శుక్రవారం నాడు పీట మీద కూర్చునే చెంబునూ ఎవరూ పక్కపక్కన పెట్టి చూడరు. నిండిన కుండ, పైన పచ్చని ఆకు: వానను నమ్ముకున్న సీమలో అంతకన్నా పెద్ద కోరిక ఉండదు. హంద్రీ-నీవా కాలువ మాట వినడానికి ముందు తరాలు చెరువు నిండితే పంట, నిండకపోతే వలస అన్న లెక్కతో బతికిన నేల ఇది.

మర్నాడు కలశం కదిపాక బియ్యం పొంగలిలోకి, టెంకాయ పాయసంలోకి పోతాయి. చీర ఇంటి ఆడబిడ్డ కట్టుకుంటుంది.

రంగు, వాసన, పొగ

కుంకుమ పుట్టుక ఇంట్లో ఎవరైనా చూడవచ్చు. పసుపుకు సున్నం తగిలితే ఎరుపెక్కుతుంది. పసుపులోని కుర్కుమిన్‌కు క్షారం తగిలినప్పుడు రంగు మారే గుణం ఉంది. పెళ్లికూతురి కాళ్లకు పెట్టే పారాణి, దిష్టి తీసే ఎర్రనీళ్లు, నుదుటి కుంకుమ, మూడూ ఈ ఒక్క గుణం మీద నడుస్తాయి. బడిలో ఆమ్లాలూ క్షారాల పాఠానికి పసుపు కాగితం వాడే సైన్సు మాస్టరు చేసేదీ అదే. బజారులో దొరికే చౌక కుంకుమలో రసాయన రంగులు కలుస్తున్నాయి. నుదురు దురద పెడితే తప్పు పసుపుది కాదు.

కర్పూరం మన చెట్టు కాదు. చైనా, తైవాన్, జపాన్ వైపు చెట్టు. ఇంకో జాతి కర్పూరం సుమత్రా అడవుల నుంచి ఓడల్లో వచ్చేది. ఇప్పుడు హారతి పళ్లెంలో వెలిగే బిళ్ల ఎక్కువగా పైన్ చెట్ల టర్పెంటైను నుంచి కార్ఖానాలో తయారైంది. ఏ దారిన వచ్చినా దాని స్వభావం ఒకటే. ఘనపదార్థం ద్రవం కాకుండానే ఆవిరైపోతుంది, వెలిగిస్తే బూడిద మిగలదు. భక్తుడు తన్ను తాను మిగుల్చుకోకుండా కరిగిపోవాలన్న ఉపమానం ఈ గుణం చూశాకే పుట్టి ఉంటుంది. వస్తువు గుణాన్ని కళ్లతో చూసి చెప్పిన ఇలాంటి అర్థాలు నిలబడతాయి, పైనుంచి అతికించినవి ఉపన్యాసం అయ్యేదాకా కూడా నిలవవు.

ఊదొత్తి కథ కుప్పం పల్లెల్లో ఉంది. అక్కడ అది ఆడవాళ్లు ఇంటిపట్టున చేసుకునే పని. వెదురుపుల్ల, బొగ్గుపొడి, జిగురుకు నరమామిడి బెరడు పొడి. పీట మీద పిండిముద్ద పెట్టి పుల్లను అరచేత్తో ఒక్క దొర్లింపు దొర్లిస్తే ఒత్తి తయారు. వాసన అద్దడం, పెట్టె కట్టడం బెంగళూరు లాంటి పట్నాల్లో జరుగుతాయి. వియత్నాం, చైనాల నుంచి చౌక ఒత్తులు వచ్చిపడి ఈ చేతులకు పని తగ్గిందన్న గోల పెరిగాక, 2019 ఆగస్టులో కేంద్రం ఊదొత్తుల దిగుమతి మీద ఆంక్ష పెట్టింది. 2021లో తిరుమల తిరుపతి దేవస్థానం వాడిన పూలతో ఏడు రకాల ఊదొత్తులు చేయించి అమ్మకానికి పెట్టింది. గుడిలో ఒకసారి పూజ అందుకున్న పువ్వు, పొడిగా మారి ఇంకో ఇంటి దేవుడి ముందు మళ్లీ పొగగా లేస్తోంది. ఒత్తి వెలిగించే చేయి దాన్ని చుట్టిన చేతిని కూడా ఒకసారి తలుచుకోవచ్చు. ఆ బొగ్గు మసి గోళ్ల నుంచి తొందరగా వదలదు.

మడిపట్టు గురించి ఒక్క మాట. మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో పట్టు మగ్గాలున్నాయి, చుట్టుపక్కల మల్బరీ తోటలున్నాయి. పూజకు పట్టు శుద్ధమంటారు. ఆ దారం తీయడానికి గూళ్లను పురుగుతో సహా మరగబెడతారు. ఈ ఇబ్బందిని ఎదుర్కొన్న హైదరాబాదు చేనేత అధికారి కుసుమ రాజయ్య, చిలుక బయటికి ఎగిరిపోయాక గూటి నుంచి దారం వడికే అహింసా పట్టును తెచ్చారు. వస్తువు శుద్ధి గురించి అడగాల్సిన ప్రశ్న మైల ఒక్కటే కాదని ఆ పట్టు గుర్తుచేస్తుంది.

గుడి బయటివారి గూళ్లు

పూజా వస్తువులంటే వైదికుల ఇళ్ల సామానే అనుకుంటే సగం చిత్రం పోతుంది. పెరటాసి నెల శనివారాల్లో ఈ సీమ పల్లెల్లో నామం పెట్టిన చెంబు పట్టుకుని, గోవింద కొడుతూ ఇంటింటా బియ్యం అడుగుతారు. కలిగినవాడి పిల్లవాడైనా సరే ఆ రోజు అడుక్కోవాల్సిందే. ఆ బియ్యంతో తళిగ వేసి, బియ్యప్పిండి, బెల్లం కలిపిన ముద్దలో గుంట చేసి నెయ్యి పోసి ఒత్తి వెలిగిస్తారు. దీపం కొండెక్కాక ఆ ప్రమిదను తుంచి అందరూ తింటారు. ఇంత సులువుగా ఉద్వాసన జరిగే వస్తువు ఇంకొకటి లేదు.

పుంగనూరులో జమీందారుల ప్యాలెస్ దగ్గర జరిగే సుగుటూరు గంగమ్మ జాతరకూ, కుప్పం తిరుపతి గంగమ్మ జాతరకూ ఇళ్లలో కావాల్సింది పంచపాత్ర కాదు. వేపమండ, పసుపునీళ్ల చెంబు, అంబలి కుండ, పొంగలి సట్టి. మండువేసవిలో అమ్మ తల్లికి చలువ చేయడమే పూజ. మశూచి భయం ఉన్న కాలంలో ఆ వేపాకూ ఆ పసుపూ ఇంటి గుమ్మానికి కట్టిన ధైర్యం. ఆ జబ్బు లోకంలోనే లేకుండా పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో ప్రకటించింది. వేపమండ మాత్రం గుమ్మం దిగలేదు.

ఇక పటం. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చుయంత్రం పెట్టి దేవుళ్ల బొమ్మలను రంగుల్లో ముద్రించారు. ఆ తర్వాతి తరంలో కోవిల్‌పట్టి కొండయ్య రాజు గీసిన బొమ్మలు శివకాశి క్యాలెండర్లుగా దక్షిణాది కిరాణాకొట్ల నుంచి ఇళ్లకు చేరాయి. గుడి గడప తొక్కనివ్వని కులాల ఇళ్లలోకి కూడా దేవుడి ముఖం ఉచితంగా, పూజారి అవసరం లేకుండా, ఎదురుగా చూసే కళ్లతో వచ్చింది. ఇంటి పూజ చరిత్రలో ఇంతకన్నా పెద్ద మార్పు ఇంకోటి జరగలేదు.

పేద ఇళ్లకు దేవుడు చేరిన ఈ పటం కథకు పుంగనూరు ఆవు కథ తిరగేసిన రూపం. రెండున్నర మూడడుగుల ఎత్తుండే ఈ పొట్టి జాతి మెట్ట రైతు ఇంటి ఆవు. తక్కువ మేత, చిక్కటి పాలు. సంకర జాతులు వచ్చాక రైతు వదిలేశాడు, జాతి కొడిగట్టింది. పలమనేరు పశుపరిశోధన కేంద్రం మిగిలినవాటిని కాపాడింది. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన నివాసంలో పుంగనూరు ఆవులకు మేత పెడుతున్న ఫొటోలు దేశమంతా తిరిగాయి. ఇప్పుడు పట్నం విల్లాల్లో అది నట్టింట తిరిగే గోమాత. పాలు పితికే పని పోయి ప్రదక్షిణ చేయించుకునే పని వచ్చింది. జాతి బతికింది, అది సంతోషమే. దాన్ని కనిపెట్టుకుని ఉన్న రైతు పెరడు మాత్రం ఖాళీ అయింది.

రావిచెట్టు కింద

ఇవాళ ఈ మూడు ఊళ్లలో ఏ రావిచెట్టు కింద చూసినా పగిలిన అద్దాల పటాలు, చేయి విరిగిన వినాయకుడు, ప్లాస్టిక్ దండలు కుప్పపడి ఉంటాయి. ఇల్లు ఖాళీ చేసినవాళ్లు పారేయడానికి మనసొప్పక, ఉంచుకోవడానికి చోటు లేక అక్కడ వదిలి వెళ్తారు. దేవుణ్ణి పిలవడం తెలిసి, పంపడం తెలియక వచ్చిన అవస్థ ఇది. పసుపు ముద్దను ఉత్తరానికి కదిపి సాగనంపిన అమ్మమ్మకు ఈ అవస్థ లేదు. అద్దం వేరు చేసి, కాగితం నీళ్లలో నానబెట్టి మొక్కకు పోసి, ఫ్రేము మళ్లీ వాడుకుంటే ఏ దేవుడికీ కోపం రాదు. మునిసిపాలిటీ మనిషి చేతులు అద్దాలకు తెగకుండా ఉంటాయి.

డాలస్‌లోనో సింగపూరులోనో స్థిరపడిన పిల్లల ఇళ్లలో పొగ లేస్తే అలారం మోగుతుంది. అందుకని బ్యాటరీ దీపాలు వచ్చాయి. విమానంలో కర్పూరం వెంట తీసుకుపోనివ్వరు. ఇవన్నీ అపచారాలని పెద్దలు నొచ్చుకోనక్కరలేదు. సంజీవమ్మ తన హద్దును తానే జరుపుకున్నట్టు వాళ్లూ తమ చోటుకు తగ్గట్టు జరుపుకుంటారు. వాళ్లకు అందాల్సింది సామాను ఒక్కటే కాదు, సామాను వాడే తీరు. ఏ చెంబు దేనికి, దేన్ని దేంతో తోమాలి, ఎప్పుడు కదపాలి, ఏది తినాలి, ఏది నీళ్లలో కలపాలి, ఏ ఇంటి కలశంలో నీళ్లు, ఏ ఇంటి కలశంలో బియ్యం: ఇవి ఏ వ్రతకల్పంలోనూ లేవు. ఈ సంగతులు తెలిసినవాళ్ల వయసు ఇప్పుడు డెబ్బై దాటింది.

అందుకే ఈ సభకు ఒక్క మనవి. దసరా సెలవులకు వచ్చే కాలేజీ పిల్లలు తమ ఇంటి దేవుడి గూటిని ఫొటో తీసి, అందులోని ఒక్కో వస్తువు గురించి ఇంట్లో పెద్దావిడను అడిగి, ఆమె మాటల్లోనే రాసి పెట్టాలి. గంగమ్మ అంబలి కుండకూ పంచాయతన పళ్లేనికీ అందులో సమానంగా చోటు ఉండాలి. మూడు భాషల ఇళ్లు పక్కపక్కన ఉన్న కుప్పంలో 1997 నుంచి ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. ఆ రాతప్రతులు చేర్చి భద్రం చేయడానికి అంతకన్నా దగ్గర చోటు లేదు. మాస్టారి కుటుంబం తమ ఇంటి సామానుతో ఈ పని మొదలుపెడితే, వచ్చే ఏడు ఈ సభలో ఉపన్యాసానికి బదులు ఆ రాసుకున్నవి చదివించవచ్చు.